తొండం ఎడమకే తిరగాలి

బెంగళూరు చిత్రకళా పరిషత్తులో ఏళ్లతరబడి మట్టి పిసికి, రంగులు కలిపి పట్టా పుచ్చుకున్న ఆర్టిస్టుకు వైట్‌ఫీల్డ్ ప్రీస్కూల్లో ఉద్యోగం దొరికిందంటే అదృష్టమే. అది నాలుగు కాలాలు నిలవాలంటే అక్కడి మర్యాదలు ముందే తెలియాలి.

పిల్లల చేత బొమ్మలు వేయించకూడదు. వాళ్లకు రావు. మూడేళ్లవాడికి క్రేయాన్ ఇస్తే గిలికి పారేస్తాడు. అమెరికాలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ ఇలాంటి గిలుకుళ్లను లక్షల్లో పోగేసి, వాటిలో ఇరవై మూలగీతలున్నాయని తేల్చింది. పాపం, ఆవిడకు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు లేదు.

కనుక వినాయక చవితి ముందు పేపర్ ప్లేట్లు మీరే కత్తిరించండి. చెవులు మీరే అతికించండి. ఆఖర్న పిల్లవాడి బొటనవేలు రంగులో ముంచి, దస్తావేజు మీద నిశానీ వేయించినట్టు ఓ చుక్క పెట్టించండి. వేలిముద్ర పడింది కదా, ఇక సృజన వాడిదే! ముప్ఫై మంది పిల్లలు, ముప్ఫై వినాయకులు, తొండాలన్నీ ఎడమకే. ఎవడో ఒకడు తొండాన్ని నెత్తిమీదికి అతికించి, 'స్నానం చేస్తున్నాడు మిస్' అంటాడు. వినిపించుకోకండి. వ్యాన్ వెళ్లగానే పీకి సరిచేయండి, ఫెవికాల్ ఆరకముందే.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటా బొమ్మా కూడా చదువేనని 2022లో జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. యాజమాన్యం వెంటనే అమలు చేసింది: గేటుకు ఫ్లెక్సీ కట్టించింది.

పొరపాటున కూడా అంగన్‌వాడీ వైపు వెళ్లకండి. 2024లో నగరంలో కొన్నింటి బోర్డుల మీద మాంటిసోరి అన్న మాట చేరింది గానీ, ఆర్టిస్టుకు జీతమెవరిస్తారన్నది ఆ బోర్డు మీద లేదు. టీచరమ్మకు గుడ్లు లెక్కపెట్టడం, పిల్లల బరువులు తూచడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించడంతోనే పొద్దు గూకుతుంది. బొమ్మలు దిద్దే తీరిక ఆమెకెక్కడిది? ఆ సందు చూసుకుని పిల్లలు సుద్దముక్క పట్టి నేలంతా ఇష్టారాజ్యంగా గీసేస్తారు. పర్యవేక్షణ లేకపోతే ఇలాగే కళ పుట్టే ప్రమాదముంది.

ఏడాది పొడవునా ఇలా పిల్లల గీతలు దిద్దిన చేయి జనవరిలో ఖాళీ అవుతుంది. అప్పుడు వీధిలో బొమ్మలమ్మే చిత్రసంతె. కుమారకృపా రోడ్డు మీద జాగా చూసుకుని, మీరు వేసిన గిలుకుళ్లు ఫ్రేము కట్టి నిలబెట్టండి. 'మావాడికి గుండ్రం కూడా రాదేంటండీ' అని మొన్న మిమ్మల్ని నిలదీసిన తల్లే వచ్చి, కాసేపు తల వాల్చి చూసి, 'ఎంత అమాయకమైన గీతండీ!' అంటుంది. బేరం కూడా ఆడదు.