కలుగులో కులాసా

కళాసీల కొంపకు కోటీశ్వరుల చేత అద్దె కట్టించే విద్య నేర్చుకోవాలంటే గ్రీసు దేశంలో శాంటొరిని దీవికి వెళ్లాలి. ఆ దీవి ఉత్తరపు కొసన, నిలువునా తెగిన కొండ అంచుకు ఇయా అనే ఊరు వేలాడుతుంటుంది. అక్కడ కొండచరియలో తొలిచిన ఒక గది, గది ముందు నాలుగడుగుల వాకిలి, వాకిట్లో ఒక నీళ్లతొట్టి, ఎదురుగా సముద్రం. వేసవిలో ఇలాంటి గదికి రాత్రికి వెయ్యి యూరోలు అడిగే హోటళ్లు కొల్లలు. మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే.

లక్ష పోసినవాడికి ఏం దొరుకుతుందయ్యా అంటే, వెలుతురంతా ముందువైపు నుంచే రావాల్సిన గది. దాన్ని చీకటి అనకూడదు, ప్రశాంతత అనాలి. గోడ ఎక్కడా తిన్నగా ఉండదు. అది వంకర కాదు, హస్తకళ. మంచానికి కోళ్లుండవు, గోడలోంచే అరుగులా పొడుచుకొస్తుంది. దాని పేరు నిరాడంబరత. నిరాడంబరతకు విడిగా బిల్లు ఉండదు, గది అద్దెలోనే కలిపేశారు.

ఈ గుహలు ఎవరివో ఒకసారి చూడాలి. 19వ శతాబ్దం చివర ఇయా తెరచాప ఓడల ఊరు. ఓడలున్న సరంగులు కొండ మీద చదునైన చోట మేడలు కట్టుకున్నారు. ఆ ఓడల్లో తాళ్లు లాగే కళాసీలకు మేడ కట్టే తాహతు ఎక్కడిది? దీవిలో కలపకు కరువు. ఉన్నదల్లా సుమారు 3600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం కక్కిపోయిన బూడిద పొర. అంచు దిగువన ఆ పొరలోకే తొలుచుకుంటూ వెళ్లి సంసారాలు పెట్టారు. చలికి వెచ్చన, ఎండకు చల్లన, ఖర్చు ఒంటి చాకిరీ. ఎదురుగా కనిపించే సముద్రం వాళ్లకు అందాల దృశ్యమేమీ కాదు, ఇంట్లో మగవాడు తిరిగొస్తాడో రాడో చెప్పని జాగా. ఇప్పుడు ధర పలికేది ఆ జాగాకే. పైన మేడలో ఉన్న సరంగు బతికుంటే కిందకు దిగొచ్చి కళాసీ కలుగు కోసం క్యూలో నిలబడేవాడు.

ఆవిరి ఓడలొచ్చి తెరచాపల నోట మట్టి కొట్టాయి. మిగిలిన పని 1956 జూలై 9 తెల్లవారుజామున వచ్చిన భూకంపం పూర్తి చేసింది. యాభై మందికి పైగా చనిపోయారు, ఇయా సగం కూలింది, జనం ఏథెన్సుకో ఇంకెక్కడికో తరలిపోయారు. 1970ల్లో గ్రీసు పర్యాటక శాఖ పాడుబడ్డ గుహ ఇళ్లను కొన్నింటిని బాగుచేసి అతిథి గృహాలుగా మార్చింది. ఊరు మళ్లీ నిలబడాలన్న ఆలోచన, మంచిదే. ఊరు నిలబడింది కూడా. మనుషులు నిలబడటానికే చోటు మిగల్లేదు.

తర్వాత వచ్చింది బొటిక్ హోటల్. మామూలు హోటల్లో గదులు ఎక్కువ, గొప్పలు తక్కువ. బొటిక్‌లో అది తిరగబడుతుంది. పది గదులుంటే పదికీ పది కథలు. ఇది ఒకప్పుడు ద్రాక్షసారా తీసిన గది, అది గాడిదల కొట్టం అని గర్వంగా చెబుతారు. గాడిద ఉన్నప్పుడు ఆ కొట్టానికి అద్దె లేదన్న మాట మాత్రం చెప్పరు. గాడిదలకైతే చట్టం చేశారు లెండి. 2018లో గ్రీసు ప్రభుత్వం వాటి మీద 100 కిలోలకో, వాటి బరువులో అయిదో వంతుకో మించి మోపకూడదంది. కారు వెళ్లని ఆ మెట్ల మీద మూడేసి సూట్‌కేసులు భుజానేసుకుని దిగే హోటల్ కుర్రాళ్ల మోత ఎవరు తూస్తారని మాత్రం అడక్కండి.

సాయంత్రమైతే అసలు పూజ మొదలవుతుంది. పాత కోట శిథిలాల మీద వేల మంది ఫోన్లు ఎత్తి సూర్యుడి కోసం నిలబడతారు. ఆయన మునగ్గానే చప్పట్లు కొడతారు. ప్రదర్శన బాగుందని! పాపం సూర్యుడికి హోటలు వాళ్లు పైసా ఇవ్వరు, ఆయన పేరు చెప్పి వసూలు చేసుకుంటారు. అద్దెకు తెచ్చిన పది గజాల తోక గౌను గాలికెగరేస్తూ మరికొందరు ఎవరి డాబాయో ఎక్కేస్తారు. వెనక నీలి గుమ్మటం పడాలి. ఆ గుమ్మటం కింద గుడి ఉందనీ, గుళ్లో దేవుడున్నాడనీ గుర్తుండేది ఫొటో దిగనివాళ్లకే.

దీవిలో కాపురముండేది సుమారు 15 వేల మంది. 2023లో వచ్చిన సందర్శకులు 34 లక్షలని లెక్క. 2024 జూలైలో ఒకే రోజు విహార నౌకల నుంచి 17 వేల మంది దిగబోతున్నారని తెలిసి, స్థానిక కౌన్సిల్ సభ్యుడొకరు ఊరివాళ్లకు సోషల్ మీడియాలో సలహా ఇచ్చారు: ఆ రోజు మీరు రాకపోకలు తగ్గించుకోండి అని. చుట్టం వస్తే ఇంటివాణ్ణి అటక ఎక్కమన్నట్టు. నానా తిట్లూ తిని ఆ సలహా వెనక్కి పోయింది గానీ, అందులో తప్పేముంది? ఉన్నమాటే అన్నారు. ఆ దీవిలో బడిపంతులుకు, నర్సుకు అద్దె ఇల్లు దొరకడం గగనం. దొరికినా వేసవి ముఖం చూడగానే ఖాళీ చేయమంటారు. రాత్రికి వెయ్యి వచ్చేచోట నెలకు అయిదారొందలిచ్చే పంతులు ఎవరికి కావాలి? పంతులు పోతే బడి పోతుంది, బడి పోతే పిల్లలున్న ఇల్లు పోతుంది. ఆ ఇల్లు ఖాళీ అయిందా, ఇంకో బొటిక్.

ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. 2025 నుంచి రోజుకు 8 వేల మందికి మించి నౌకా యాత్రికులు దిగకూడదట. దిగినవాళ్లు వేసవి రద్దీలో తలకు 20 యూరోలు కట్టాలట. వేసవిలో అయిదు నక్షత్రాల హోటల్లో పడుకుంటే రాత్రికి 15 యూరోల పర్యావరణ రుసుము అదనం. వెయ్యి పెట్టేవాడికి పదిహేను ఒక లెక్కా? కాఫీ, కేకు మానేస్తే సరిపోయె.

2025 జనవరి చివర భూమి కదలడం మొదలెట్టింది. వేలకొద్దీ ప్రకంపనలు. అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 11 వేల మందికి పైగా దీవి వదిలిపోయారు. అధికారులు చేసిన హెచ్చరికల్లో ఒకటి హోటళ్లకు ప్రత్యేకం: ఈతకొలనుల్లో నీళ్లు తీసేయండి, ఆ బరువు కట్టడాలకు ప్రమాదం. వాన చుక్కను వాకిలి కింద తొట్టిలో దాచుకుని తాగిన ఊరది. అక్కడ ఇప్పుడు సముద్రపు నీటి ఉప్పు తీసి, కొండ నెత్తిన కొలనులు కట్టి, ఆ కొలనుల్లోంచి సముద్రాన్ని చూస్తున్నారు. కింద ఉన్నది అగ్నిపర్వతమన్న సంగతి ప్రచార పుస్తకంలో అందానికి వేసిన మాట అనుకున్నారు కాబోలు. వేసవి నాటికి కొలనులు మళ్లీ నిండాయి.

ఆ హోటళ్ల ప్రకటనలు ఎప్పుడైనా గమనించండి. తెల్లటి గోడ, నీలి నీళ్లు, బుట్ట నిండా పళ్లు, అంచున ఒక టోపీ. మనిషి మాత్రం కనబడడు. అమ్ముతున్నది అదే: మనుషుల్ని ఏరేసిన ఊరు. హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి మన కొత్త జంటలూ వాయిదాల మీద అక్కడికి వెళ్తున్నాయి. వద్దనడానికి నేనెవర్ని? వాళ్లు తిరిగొచ్చి నాలుగొందల ఫొటోలు చూపిస్తారు గదా. ఓపిగ్గా అన్నీ చూసి ఒక్కమాట అడగండి: ఇందులో ఆ ఊరివాళ్లు ఎవరమ్మా?