డ్రాఫ్టేశ్వరుడు

ఇంటర్నెట్ నడకకు నియమాలు రాసే ఐ.ఇ.టి.ఎఫ్. ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది. ఊరు మారుతుంది, ఖండం మారుతుంది, మైకు ముందు డ్రాఫ్టేశ్వరుడు మాత్రం మారడు. అక్కడ సభ్యత్వమూ లేదు, ఓటూ లేదు, ఎవరైనా ప్రతిపాదన రాసి పెట్టొచ్చు. ఆ ‘ఎవరైనా’ తనేనని ఈయన గట్టి నమ్మకం.

అలా పెట్టిన డ్రాఫ్టుకి ఆయుష్షు ఆర్నెల్లే. ఈలోగా కొత్త వెర్షన్ రాకపోతే గడువు తీరిపోతుంది. డ్రాఫ్టేశ్వరుడు ఐదో నెలాఖరుకి ఒక కామా జరిపి, తేదీ మార్చి, మళ్ళీ ఎక్కిస్తాడు. ఆ కామాల పుణ్యమా అని ఆయన డ్రాఫ్టిప్పుడు పదిహేడో వెర్షన్‌లో ఉంది.

అదే సమస్య మీద ఇంకొకాయన డ్రాఫ్టు పెడితే మనవాడు కోప్పడడు. “సమస్యని చాలా బాగా వివరించారండీ” అంటాడు. పరిష్కారం దండగ అని దానర్థం. తర్వాత మైకు దగ్గరకెళ్ళి, “నేనింకా పూర్తిగా చదవలేదు గానీ...” అని మొదలుపెట్టి ఒక్కో పేరా ఉతికి ఆరేస్తాడు.

ఓట్లు లేవు కదా, సభ మొగ్గు తెలుసుకోవాలంటే వర్కింగ్ గ్రూపు చైర్ హమ్ చెయ్యమంటాడు. గదినిండా ఉన్న పెద్దపెద్ద ఇంజనీర్లు నోరు మూసుకుని ముక్కుతో ‘మ్...’ అంటారు. (ప్రపంచపు వైర్లన్నీ ఈ మూలుగు మీద నడుస్తున్నాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.) డ్రాఫ్టేశ్వరుడు ముందు వరసలో, చైర్ చెవికి అందేలా కూర్చునేది అందుకే. చప్పుడు ఎంతన్నది కాదు, అభ్యంతరానికి జవాబు చెప్పారా లేదా అన్నదే ముఖ్యమని 2014లో ఐ.ఇ.టి.ఎఫ్. పత్రం ఆర్.ఎఫ్.సి. 7282 తేల్చింది. ఒక్కడి అభ్యంతరమైనా సబబైతే వందమంది హమ్ దాన్ని తొక్కెయ్యలేదు. ఈ ముక్క ఈయనకు కంఠోపాఠం. ఆ ఒక్కడూ తనే మరి.

1994లో కొత్త ఇంటర్నెట్ ప్రోటోకాల్ (ఐ.పి.) కోసం పోటీపడి ఓడిన ట్యూబా, క్యాట్నిప్‌ల పేర్లు వింటే ఈయన కళ్ళు చెమరుస్తాయి. నెగ్గిన సిప్ మార్పులతో ఐ.పి.వి.6 అయి కూర్చుంది. బ్రౌజర్ వీడియోకి వీ.పీ.8 కోడెక్ తప్పనిసరా, హెచ్.264 తప్పనిసరా అని ఏళ్ళ తరబడి కొట్టుకుని, 2014 నవంబరులో హొనొలులులో ‘బ్రౌజర్లు రెండూ పెట్టుకోవాలి’ అన్నారు చూడండి, అదీ న్యాయమంటే, అంటాడు.

ఈసారి మనవాడికీ ఆ ఇంకొకాయనకీ మధ్య చైర్ ఆ న్యాయం చెయ్యలేదు. “మీరిద్దరూ కూర్చుని ఒక్కటే డ్రాఫ్టు చేసుకురండి” అన్నాడు. హోటల్ బార్‌లో అర్ధరాత్రి దాకా సంధి జరిగింది. గ్రూపు దాన్ని స్వీకరించింది కూడా. అప్పటిదాకా ఫైలుపేరులో వెలిగిన ఈయన ఇంటిపేరు, పెళ్ళయిన పిల్ల ఇంటిపేరులా మారి ‘ఐ.ఇ.టి.ఎఫ్.’ అయింది. పదిహేడు కాస్తా మళ్ళీ సున్నా సున్నా.

అది కూడా దిగమింగేవాడే. కానీ మొదటిపేజీలో మామూలుగా ఐదుగురు రచయితలకే చోటు. సంధిలో తేలింది ఆరుగురు. ఎవరో ఒకరు లోపలిపేజీల్లోని ‘సహకరించినవారు’ జాబితాలోకి వెళ్ళాలి. అవతలాయన్ని పంపడానికి ఎంతో నొచ్చుకుంటూ ఒక మెయిల్ రాసి ఉంచుకున్నాడు డ్రాఫ్టేశ్వరుడు. తెల్లారి లేచి చూస్తే, ఎడిటర్ హోదాలో అవతలాయన రాత్రికి రాత్రే కొత్త వెర్షన్ ఎక్కించేశాడు. అందులో ఐదు పేర్లే ఉన్నాయి.

డ్రాఫ్టేశ్వరుడు ఇప్పుడు కొత్త డ్రాఫ్టు రాస్తున్నాడు. మొదటిపేజీలో ఆరుగురు రచయితలు ఎందుకు ఉండాలి అన్నది విషయం. సహరచయితలు కావాలట.