అంతా మనవాళ్లే!

చైన్ రెస్టారెంట్ వంటగదిలో బోర్డు: 'మనమంతా ఒకే కుటుంబం'.

నిజమే. కొత్త కోడలికి లాగే అందరూ తిన్నాకే ముద్ద.

డ్యూటీ ఎక్కడానికి టైముంది. దిగడానికి ఆఖరి కస్టమర్ సోంపు నమలాలి.

ఓవర్‌టైమ్ అడిగితే, 'సొంతింటి పనికి లెక్కలా?'

గ్లాసు పగిలితే జీతంలో కోత. అప్పుడు మాత్రం చుట్టరికం ఉండదు.

డ్యూటీ అంతా నిలబడే. దుకాణాల్లో పనివాళ్లు కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. మన నేతలకూ కుర్చీ ధ్యాసే. కాకపోతే తమ కుర్చీ!

'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' ఫ్రేములో నవ్వుతున్న కుర్రాడు మానేసి మూడు నెలలైంది.

ఫొటోకి ఇంకా సెలవు మంజూరు కాలేదు.