శాలువా దంతెవాడకే కప్పాలి

ఏటా సెప్టెంబరు 22న కార్లు లేని రోజు అని ఒకటి వస్తుంది. ఆ పూట కారు ఇంట్లో వదిలేసి, సైకిలెక్కి ఫొటో దిగినవాళ్లకు చప్పట్లు, శాలువాలు. ఈసారి ఆ శాలువా బస్తర్‌లోని దంతెవాడకు కప్పమని నా మనవి. అక్కడి పల్లెల్లో చాలామంది కార్లు ఏడాదికి 365 రోజులూ కదలవు. ఇంకా షోరూంలోనే ఉన్నాయి కాబట్టి.

అర్హతలు చూడండి. సంత రోజున తెల్లారకముందే ఆడవాళ్లు ఇప్పపువ్వూ చింతపండూ గంపల్లో నెత్తికెత్తుకుని, అడవి దారిన బారుగా నడిచొస్తారు. పొగ లేదు, హారన్ లేదు. తిరిగి వెళ్లేటప్పుడు జీపు దొరికితే లోపల పన్నెండు మంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద కోళ్ల గంప. మన సాఫ్ట్‌వేరు వాళ్లు యాప్ పెట్టి నేర్పే కార్ పూలింగ్ అంటే ఇదే కదా! రోడ్డు లేని ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మంచాన్ని కర్రకు వేలాడగట్టి భుజాన మోసుకెళ్తారు. చుక్క పెట్రోలు కాలదు. ఇంత పచ్చటి అంబులెన్సు ఏ దేశంలో ఉంది చెప్పండి?

మరి రైలూ గియిలూ అంటారా, భేషుగ్గా ఉంది. అక్కడి బైలాదిలా కొండల్లోని ఇనుప రాయికి! దాన్ని జపానుకు అమ్మడానికని 1960ల్లోనే కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా పట్టాలు వేశారు. రాయి దర్జాగా గూడ్సెక్కి విశాఖలో దిగుతుంది. అదీ చాలదని, ఖనిజాన్ని నూరి నీళ్లలో కలిపి పంపడానికి విశాఖ దాకా 267 కిలోమీటర్ల గొట్టం వేశారు. మనిషి మాత్రం విశాఖలో పొద్దున్నే పాసింజరెక్కితే కిరందుల్ చేరేసరికి చీకటి పడుతుంది. పరిస్థితి బాగోలేదంటూ ఆ బండిని దంతెవాడలోనే నిలిపేసిన రోజులూ బోలెడు. మొత్తానికి ‘కారు వద్దు, రైలే ముద్దు’ అన్న మాటను ఇన్నేళ్లుగా తుచ తప్పకుండా పాటిస్తున్నది ఆ రాయి ఒక్కటే. ఉక్కయి, కారయి, మన అపార్టుమెంటు సెల్లారుకు చేరాకే దాని బుద్ధి చెడుతుంది.

ఇక మన ఘనత. 2015 ఆగస్టులో హైటెక్ సిటీలో ‘కార్ ఫ్రీ థర్స్‌డే’ మొదలెట్టారు. గురువారం కారు వదిలేయండి, బస్సెక్కండి, నడవండి అన్నారు. అమీర్‌పేట నుంచి అక్కడికి మెట్రో వచ్చింది 2019 మార్చిలో. నినాదానికి భూసేకరణ అక్కర్లేదు, స్తంభాలక్కర్లేదు. అందుకే మూడున్నరేళ్లు ముందొచ్చింది. పోనీ నడుద్దామా అంటే, ఫుట్‌పాత్ మీద ముందు ట్రాన్స్‌ఫార్మరు, తర్వాత మిర్చిబజ్జీల బండి, ఆ తర్వాత మనకెదురుగా హారన్ కొడుతూ ఒక బైకు.

కార్లు తగ్గొద్దని కాదు నా గోల. తగ్గి తీరాలి. కానీ దిగమనేవాడు ముందు ఎక్కడానికేదో చూపించాలి. రాయికి చూపించారు కదా, ఎవరూ దానికి ఉపన్యాసం ఇవ్వలేదు. పట్టాలు వేశారు, అది ఎక్కింది.

దంతెవాడలో ఒక కథ చెప్తారు. ఓరుగల్లు నుంచి వెళ్లిన అన్నమదేవుడితో దంతేశ్వరీ దేవి అన్నదట: నువ్వు నడువు, నీ వెనకే వస్తాను, నడిచినంత మేరా నీ రాజ్యం, వెనక్కి మాత్రం చూడకు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఆమె కాలి గజ్జెలు ఇసుకలో కూరుకుపోయి చప్పుడాగింది. ఆయన ఉండబట్టలేక తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది, రాజ్యం అక్కడికే ఆగింది.

రాజ్యం పోతుందని తెలిసీ, వెనక వచ్చేవాళ్లు వస్తున్నారా లేదా అని తిరిగి చూశాడు ఆ మహానుభావుడు. ‘కారు దిగండి, బస్సు వెనకే వస్తోంది’ అని మనల్ని నడిపిస్తున్నవాళ్లకు పోయే రాజ్యమేమీ లేదు. ఒక్కసారి మెడ తిప్పితే ఏం?