గమ్హరియా ఇంట్లో జలాంతర్గామి

నా లోపల గాలి లేదు. ఫ్యాక్టరీలో నన్ను చేసిన రోజునే గాజుబుడ్డిలోని గాలంతా తోడేసి, మెడ దగ్గర మూతి కరిగించి మూసేశారు. అప్పటి నుంచి బయటి గాలి నన్ను అన్ని వైపులా నొక్కుతూనే ఉంది. నాది 21 అంగుళాల టీవీ తెర. ఆ ముందు అద్దం ఒక్కదాని మీదే టన్నుకు పైగా బరువు పడుతుంది. అందుకే అంత మందం గాజు, అందుకే నన్ను పక్కగదిలోకి మార్చాలన్నా ఇద్దరు పట్టాలి. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ గాలి ఒత్తిడంత భారం మళ్లీ మళ్లీ కలుస్తుంది. రెండు వందల మీటర్ల లోతున జలాంతర్గామి మోసేది నేను మోసేదానికి దాదాపు ఇరవై రెట్లు. నాకూ దానికీ చుట్టరికం ఇంకొకటి కూడా ఉంది. నన్ను ఆన్ చేయగానే లోపల ‘ధుమ్’మని ఒక చప్పుడవుతుంది. నా తెర చుట్టూ ఉన్న తీగచుట్ట, లోపలి జల్లెడ రేకుకు పట్టిన అయస్కాంతాన్ని వదిలించే చప్పుడది. యుద్ధనౌకలకూ ఇలాగే అయస్కాంతం వదిలిస్తారు, సముద్రంలోని మందుపాతర పసిగట్టకుండా. ఒకసారి ఈ ఇంటి మనవరాలు పాత స్పీకరు ముక్క తెచ్చి నా తెరకు ఆనించింది. ముఖాలన్నీ పచ్చగా, ఊదాగా అయిపోయి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆపి, కొంతసేపాగి పెడితే ఆ తీగచుట్టే నన్ను బాగుచేసింది.

నేనుండేది గమ్హరియాలో. టాటానగర్‌లో చక్రధర్‌పూర్ వైపు రైలెక్కితే ఖర్కాయి వంతెన, ఆదిత్యపూర్, ఆ తర్వాత మా స్టేషను. జిల్లా సరాయ్‌కెలా ఖర్సావాఁ అయినా ఇక్కడివాళ్లు ఊరేదంటే జంషెడ్‌పూర్ అనే చెప్తారు. చుట్టూ కొలిమి షాపులు, పోతపోసే షెడ్లు, లారీల విడిభాగాలు చేసే కార్ఖానాలు. పొద్దుగూకేసరికి కరెంటు నీరసించి నా బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. పక్కన స్టెబిలైజరు కటకటమంటే మళ్లీ నిండేది. ఇంటి పెద్దాయన, అంటే మా తాతగారు, టెక్కలి దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఇలాంటి షెడ్లలోనే పనిచేసి రిటైరయ్యారు. ఈ ఉక్కునగరంలో తెలుగువాళ్లు కొత్తవాళ్లేం కారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామమందిరం ఉంది. శ్రీరామనవమికి ఈ ఇల్లంతా అక్కడికే కదిలేది, ఆ రోజు నాకు సెలవు.

ఈ ఇంట్లో అందరికీ అపరాధ పరిశోధనంటే పిచ్చి. 1985లో దూరదర్శన్‌లో క్యారెట్ కొరుకుతూ నేరాలు విప్పిన ‘కరంచంద్’ను, పంకజ్ కపూర్‌ని, నాకు ముందున్న బ్లాక్ అండ్ వైట్ పెట్టెలో చూశారట. ‘బ్యోమకేష్ బక్షీ’ నా తెర మీదే చూశారు. డిష్ వచ్చాక ఈటీవీ, జెమినీ వచ్చాయి. ‘చంటబ్బాయి’ ఎప్పుడు వేసినా తాతగారు భోజనం పళ్లెంతో నా ముందుకొచ్చేవారు. జంధ్యాల తీసిన ఆ సినిమాలో చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావు. నవ్విస్తూనే కనబడకుండా పోయిన ఒక కొడుకును వెతికే కథ. నవ్వించే డిటెక్టివ్ మనసులో ఏదో ఒక గాయం ఉండాలని నాకు ఆ సినిమా వేసినప్పుడే బోధపడింది. లేకపోతే ఆ నవ్వు నా తెర దాటి గదిలోకి రాదు.

‘మంక్’ అనే డిటెక్టివ్ సీరియల్ డిస్కుల కట్ట మనవడు బెంగళూరు నుంచి తెచ్చాడు. పసుపు, ఎరుపు, తెలుపు తీగలు నాకు గుచ్చి డీవీడీ పెట్టాడు. ఏడ్రియన్ మంక్ శాన్‌ఫ్రాన్సిస్కో మాజీ పోలీసు. భార్య ట్రూడీ కారుబాంబుకు బలైపోయాక ఉద్యోగం చేయలేకపోయినవాడు. మురికంటే భయం, ఎత్తంటే భయం, మూసిన చోటంటే మరీ భయం. ఎవరితో చేయి కలిపినా వెంటనే తడి తుడుపు కాగితం కావాలి. అది అందించడానికి నేటలీ అనే సహాయకురాలు. మంక్‌గా టోనీ షాలూబ్ నటిస్తుంటే ఆ కళ్లలోని బెదురు నా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల్లో ఏ చుక్కా తప్పకుండా చూపించాలని తాపత్రయపడేదాన్ని.

ఏడో సీజన్లో, 2008 నాటి ‘మిస్టర్ మంక్ ఈజ్ అండర్‌వాటర్’ ఎపిసోడ్ ఈ ఇంటికి గుర్తుండిపోయింది. జలాంతర్గామిలో ఒక అధికారి చనిపోతాడు. ఆత్మహత్యగా తేల్చేస్తారు. నేటలీకి తెలిసిన నౌకాదళ అధికారికి నమ్మకం కుదరదు. మంక్‌ని లోపలికి తీసుకెళ్తారు. ఒక్కసారి చూసి బయటపడదామనుకున్నవాడు లోపల ఉండగానే ఓడ కదిలిపోతుంది.

ఇంగ్లిష్ సంభాషణ తాతగారికి అందదు. పక్కన కూర్చున్న మనవరాలు మాట మాటా తెలుగులో చెప్పేది.

“ఏటే అమ్మా, ఆడెందుకలాగ ఒణికిపోతన్నాడు?”

“తలుపులు మూసీసారు తాతా. ఓడ నీళ్ల కిందకి వెళిపోతంది. ఇంక దిగడానికి లేదు.”

తాతగారు ఇంకేమీ అడగలేదు. వెడల్పు బొమ్మ కావడంతో నా తెరకు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి. మధ్యలో మిగిలిన సందులో ఆ ఇనుప నడవా, గొట్టాలు, ఒకరినొకరు రాసుకుంటూ వెళ్లే నావికులు. అగాథా క్రిస్టీ 1934లో మంచులో ఇరుక్కున్న రైల్లో హత్య పెట్టింది, 1937లో నైలు నది మీద పడవలో పెట్టింది. హంతకుడు బయటికి పోలేని చోటు డిటెక్టివ్ కథకు బలం. ఈ ఎపిసోడ్లో పోలేనివాడు డిటెక్టివే. ఊపిరాడక, గోడ పట్టుకుని నిలబడే మంక్ ఊహలో తన మానసిక వైద్యుణ్ణి పక్కకు తెచ్చుకుంటాడు. ఆ డాక్టర్ బెల్ కూడా కొత్తవాడే. అంతకుముందు డాక్టర్‌గా వేసిన స్టాన్లీ కామెల్ ఆ ఏడాది ఏప్రిల్లో చనిపోవడంతో హెక్టర్ ఎలిజాండో వచ్చాడు. లేని మనిషితో మాట్లాడుతూ, ఉన్న మనుషుల అబద్ధాలు పట్టుకుంటాడు మంక్. భయం పోయాక పని చేయడం కాదు ఇది. భయం ఉండగానే పని చేయడం. రాసినవాళ్లు అతని వణుకును చూపి మనల్ని నవ్వించారు గాని, వణికే మనిషిని మాత్రం ఎక్కడా చులకన చేయలేదు. నేను ఎన్నో హాస్యాలు మోశాను, చాలా వాటికి ఈ మర్యాద లేదు.

డిస్కు ఆగాక మనవరాలు లేవబోతే తాతగారు చేయి పట్టి కూర్చోబెట్టారు. కుర్రతనంలో ఒక పెద్ద ట్యాంకులోకి వెల్డింగ్‌కు దిగారట. మనిషి పట్టేంత కంతే దారి. పని మధ్యలో లోపలి దీపం ఆరిపోయింది. పైనున్నవాడు ఎక్కడికో వెళ్లాడు. ఎంతసేపో తెలియదు, చీకట్లో ఇనుమును కొడుతూనే ఉన్నారట. ఆ తర్వాత కూడా ట్యాంకుల్లోకి దిగారు, ఇంట్లో పిల్లలున్నారు కదా. ఎవరికీ చెప్పలేదు. మగాడు భయమంటే నవ్వుతారని.

అప్పుడు మనవరాలికి ఒక సంగతి వెలిగింది. వేసవి సెలవులకు అలెప్పీ బండిలో రూర్కెలా, రాయగడ మీదుగా విశాఖ చేరి, అక్కణ్ణుంచి ఊరికి పోవడం వీళ్లకు అలవాటుగా ఉండేది. విశాఖలో ఆగినప్పుడల్లా రామకృష్ణా బీచికి వెళ్లేవారు. అక్కడ ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. సోవియట్ దేశంలో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన జలాంతర్గామి. 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా నిలిచింది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు, అందులో డెబ్బై అయిదు మంది దాకా బతికేవారు. గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి ఒంగి దాటాలి. రిటైరైన నావికులే వెంట నడిచి టార్పెడో గొట్టాలు, ఒకరి మీద ఒకరి పడకలు చూపిస్తారు. పిల్లలు టిక్కెట్టు తీసుకుని లోపలికి పోయేవారు. తాతగారు ప్రతిసారీ బయటే. మోకాళ్ల నొప్పి అనేవారు, చెప్పులు చూస్తాననేవారు.

ఆ తర్వాతి వేసవికి ఊరెళ్లి వచ్చాక వీళ్లు నా ముందు కూర్చుని చెప్పుకున్నది విన్నాను. కుర్సురా ముందు క్యూలో తాతగారు కొడుకూ కోడలూ వినేలా, “నాకు భయంరా, నేను రాను,” అన్నారట. ఎవరూ నవ్వలేదు. మనవరాలు తన సంచీలోంచి తడి కాగితం ఒకటి తీసి, నేటలీలా చాచిన చేత్తో ఆయనకు అందించింది. తాతగారు దాన్ని అంతే గంభీరంగా తీసుకుని రెండు చేతులూ తుడుచుకున్నారు. తర్వాత నిచ్చెనమెట్ల దాకా నడిచి, గైడుగా ఉన్న నావికుణ్ణి ఆపి అడిగారట: లోపల మీకు భయం వేసేది కాదా బాబూ అని. వేసేదండీ, డ్యూటీ ఉండేది కదా, అన్నాడట ఆయన. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే పిల్లలు లోపలంతా చూసి వచ్చేశారు, అయినా మాటలు తెమల్లేదట.