మెడ మీదే నా బతుకు

చూసినవాళ్లు చిలగడదుంప అనుకుంటారు. కాదు, డాలియా దుంపని. ఉండేది న్యూజెర్సీలో, ఒక తెలుగువాళ్ల పెరట్లో. పుట్టిల్లు మెక్సికో కొండలు. 1789లో మా విత్తనాలు అక్కణ్నుంచి మాడ్రిడ్‌కు బయల్దేరాయి. 1791లో అక్కడి వృక్షశాస్త్రవేత్త కావనిల్లెస్ మాకు ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. ఆ స్వీడన్ పండితుడు అప్పటికే పోయాడు, పాపం. మెక్సికో మమ్మల్ని జాతీయ పుష్పం చేసేసరికి 1963 వచ్చింది.

మంచు భయం తీరాక, మే నెలలో నన్ను నాలుగైదు అంగుళాల లోతున పాతారు. కడియం నుంచి వచ్చిన అత్తగారు వెంటనే చెంబుతో నీళ్లు తెచ్చారు. "మొలక పైకొచ్చేదాకా వద్దత్తయ్యా, కుళ్లిపోతుంది" అంది కోడలు. నాలుగు జతల ఆకులేశాక కొన తుంచడానికి మాత్రం ఆ కోడలికే చేతులు రాలేదు. అత్తగారు చటుక్కున తుంచేశారు. చామంతులు పెంచిన చేయి కదా, మేమూ చామంతి కుటుంబమే. ఆగస్టు నుంచి పూశాను. ఆ సంగతి ఫొటోల్లో ఉంది.

అక్టోబరు చివర ఒక రాత్రి మంచుకు ఆకులన్నీ నల్లబడ్డాయి. చచ్చిందనుకోకండి. కాడ జానెడుంచి కోసి, వారం ఆగి, చుట్టూ అడుగు దూరాన మట్టి వదులు చేసి, కింద నుంచి ఎత్తాలి. కాడ పట్టి లాగితే మెడ పుటుక్కుమంటుంది. నా ఒళ్లంతా నిల్వ తిండే, మొలక దాంట్లోంచి రాదు. మెడ కాడను కలిసేచోట ఉండే కన్నులోంచే వస్తుంది. అందుకే మాలో ఎంత లావుపాటి దుంపైనా, మెడ విరిగి కన్ను పోతే కంపోస్టుకే.

కాడలు బోలు. నీళ్లు కారిపోయేలా తలకిందులుగా ఆరబెట్టి, రంపపు పొట్టు నింపిన అట్టపెట్టెలో సర్దారు. మాకు నాలుగు నుంచి పది డిగ్రీల చలి సుఖం. గరాజులో పెడితే గడ్డకట్టేవాళ్లం, ఫర్నేస్ పక్కన వడిలిపోయేవాళ్లం. బేస్‌మెంట్‌లో చల్లని మూల దొరికింది. నెలకోసారి కోడలు వచ్చి తడిమేది. మెత్తబడ్డవాటిని కోసి పారేసి, ముడతలు పడ్డవాటి మీద కాసిని నీళ్లు చిలకరించేది.

అత్తగారు కడియం నుంచి ఫోన్ చేశారు. "ఇక్కడిప్పుడు డాలియాలు విరగబూశాయి. మీ దుంపలు ఇంకా పెట్టెలోనేనా?"

"ఏప్రిల్ దాకా అంతే అత్తయ్యా. కన్నులు కనిపించాక, ముక్కకో కన్నుండేలా కోస్తాను. ఒకటి పక్కింటివాళ్లు అడిగారు."

"లావుపాటిది ఇవ్వు."

"కన్నున్నది ఇస్తాను."