నేను పుర్రె ఎముకని

తల ఎముకకి పొట్టలో ఏం పనని మీకు అనిపించవచ్చు. కొన్ని నెలలు నేను అక్కడే బతికాను, చర్మం కింద, కొవ్వు పొరలో.

నేను ఒక మిర్చి రైతు పుర్రెకి కుడివైపు భాగాన్ని. గుంటూరు యార్డు నుంచి బైక్ మీద ఇంటికెళుతూ ఆయన హెల్మెట్ లేకుండా పడిపోయాడు. లోపల మెదడు వాచింది. పుర్రె గట్టి పెట్టె, వాపుకి చోటివ్వదు. ఒత్తిడి పెరిగి మెదడు కాండం నలిగితే ఊపిరే ఆగుతుంది. అందుకే సర్జన్లు 12 సెంటీమీటర్లు దాటిన పలకగా నన్ను కోసి తీశారు. కాపలాకని పుట్టినదాన్ని, ఆ రాత్రి నేనుండటమే ముప్పయింది. నన్ను తీసినందుకే ఆయన బతికాడు.

కొన్ని ఆసుపత్రుల్లో మాలాంటి ముక్కల్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాస్తారు. నన్ను ఆయన ఒంట్లోనే దాచారు. "తలలో ఎముక పొట్టలో పెట్టారంట!" అని ఊరంతా వింతగా చెప్పుకున్నారు.

వాపు తగ్గాక తల కుడివైపు గుంటపడింది. లేచి కూర్చుంటే ఆ గుంట ఇంకా లోతయ్యేది. తలనొప్పి, కళ్ళు తిరగడం. ఎడమ చెయ్యి సరిగ్గా లేచేది కాదు. ఎముక అడ్డు లేక బయటి గాలి ఒత్తిడి మెదడు మీద పడితే ఇలాంటివి వస్తాయి. అన్నం ముద్ద ఆయన చేతిలోంచి జారిన ప్రతిసారీ తలలోని నా చోటికి తిరిగి వెళ్ళిపోవాలని తపించాను.

"ఆ గుంట మీద ఇనుప రేకు పెడతారా డాక్టరు గారూ?" అని అడిగింది ఆయన భార్య.

"ఇనుము కాదమ్మా, టైటానియం మెష్. గట్టిది, ఎమ్మారైకీ అడ్డురాదు. కాకపోతే పైన చర్మం పల్చబడితే మెష్ అంచు బయటపడొచ్చు. బోన్ సిమెంట్ చవక, కట్టుడుపళ్ళ యాక్రిలిక్ జాతిదే. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, దెబ్బ తగిలితే పగలొచ్చు. పీక్ అనే ప్లాస్టిక్‌ని సీటీ కొలతలతో సరిగ్గా తలకి అతికేట్టు చేస్తారు. అది ఖరీదు, పైగా ఎముకతో కలిసిపోదు. ముందు ఆయన ఎముక బాగుందేమో చూద్దాం. బాగుంటే అదే పెడదాం."

బాగానే ఉన్నాను, అంచులు కాస్త అరిగినా. చిన్న చిన్న టైటానియం ప్లేట్లూ స్క్రూలూ పెట్టి నన్ను నా చోట బిగించారు. నన్ను గట్టిగా పట్టుకున్నది ఆ లోహమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను.

తర్వాతి వారాల్లో తలనొప్పి తగ్గింది. ఫిజియోథెరపీతో చెయ్యి మెల్లగా లేవడం మొదలైంది. అందరికీ ఇలా కోలుకోవడం దక్కదు. ముక్క చితికిపోయినా, చీము పట్టినా పరాయి పదార్థమే దిక్కు. తిరిగి పెట్టిన ఎముక కరిగిపోవడమూ ఉంది, పిల్లల్లో మరీ ఎక్కువ. ఆ గతి నాకూ పట్టొచ్చు. అందుకే స్కాన్లు మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను కరుగుతున్నట్టు కనిపిస్తే నన్ను తీసేసి పీకో, టైటానియమో పెట్టనీ. ఆ కుడివైపు మాత్రం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచొద్దు.